గోడ ఎవరిది?

మన రాజకీయ వార్తల్లో బాగా అరిగిపోయిన మాటల్లో 'గోడ దూకడం' ఒకటి. ఎన్నికలు దగ్గర పడితే చాలు, పేపరు తెరిస్తే రోజుకో గోడ, రోజుకో దూకుడు. ఈ మాట ఎక్కడ పుట్టిందో, ఏం మోసుకొస్తోందో ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. కానీ ఊళ్లో ఈ మాటకి రెండర్థాలున్నాయి. కుర్రాడు గోడ దూకాడంటే రెండో ఆట సినిమాకి పోయాడనో, పక్కింటి జామకాయలు కోశాడనో అనుకుంటారు, నవ్వుకుంటారు. అమ్మాయి గోడ దూకిందంటే ఆ తర్వాత ఎవరూ నవ్వరు. ఒక శరీరం, ఒక పరువు, ఒక ఇల్లు మూడూ కలిసి పంచాయితీకి వస్తాయి.

పార్టీ మారిన మగ నాయకుడి మీదా, పార్టీ మారిన స్త్రీ మీదా మనం ఒకే మాట వాడుతున్నామని అనుకుంటాం. మాట ఒకటే, వేసే శిక్షలు రెండు. కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో గత పదేళ్లకు పైగా జరిగిన రాజకీయాన్ని చూస్తే ఈ తేడా చేత్తో తడిమి చూసినంత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తేడా గురించే ఈ వ్యాసం. అయితే ఒక నాయకురాలిని వెనకేసుకురావడానికి మాత్రం కాదు. ఆమెని అడగాల్సిన ప్రశ్న అడగకుండా, అడగకూడని ప్రశ్న అడుగుతున్నందుకు.

ముందు జరిగిందేమిటో చెప్పుకుందాం. 2014 లోక్‌సభ ఎన్నికల్లో కర్నూలు నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా బుట్టా రేణుక గెలిచారు. ఓడింది తెలుగుదేశం అభ్యర్థి బి.టి. నాయుడు. అంతకు ముందు 2004లోనూ 2009లోనూ గెలిచిన కోట్ల జయసూర్యప్రకాశరెడ్డి కాంగ్రెస్ తరఫున నిలబడి ఆ గాలిలో కొట్టుకుపోయారు. కర్నూలు లోక్‌సభ స్థానం నుంచి ఒక స్త్రీ ఎన్నిక కావడం 1962లో యశోదారెడ్డి గెలిచిన తర్వాత మళ్లీ అదే. (కథా రచయిత్రి పాకాల యశోదారెడ్డి కాదు, ఈమె వేరు.) మధ్యలో యాభై రెండేళ్లు. గెలిచిన స్త్రీ చేనేత సామాజిక వర్గానికి చెందినవారు, హైదరాబాదులో విద్యాసంస్థలూ వ్యాపారాలూ ఉన్నవారు. ఏ ఫ్యాక్షన్ ఇంటి కూతురూ కాదు, కోడలూ కాదు.

గెలిచిన కొద్ది రోజులకే ఆమె భర్త తెలుగుదేశంలో చేరారన్న వార్తలు వచ్చాయి. ఆమె ఎటు ఉన్నారన్నది మూడేళ్ల పాటు తేలని ప్రశ్నగా సాగింది. 2017 అక్టోబరులో ఆమె తెలుగుదేశం కండువా కప్పుకున్నారు. ఎంపీ పదవికి రాజీనామా చేయలేదు. 2019 ఎన్నికల ముందు కోట్ల కుటుంబం కాంగ్రెస్ వదిలి తెలుగుదేశంలోకి వచ్చింది. కర్నూలు ఎంపీ టికెట్ ఆ ఇంటికి వెళ్లింది. సిట్టింగ్ ఎంపీకి టికెట్ లేదు. 2019 మార్చిలో ఆమె తిరిగి వైఎస్సార్ కాంగ్రెస్‌కి వచ్చారు. అక్కడా పోటీ చేసే అవకాశం రాలేదు. ఆ పార్టీ డాక్టర్ సంజీవ్‌కుమార్‌కి టికెట్ ఇచ్చింది, ఆయన గెలిచారు. ఆయన కూడా 2024 జనవరిలో పార్టీ వదిలారు. 2024లో రేణుకకి ఎమ్మిగనూరు అసెంబ్లీ టికెట్ దక్కింది. అదీ నేరుగా కాదు. మొదట మాచాని వెంకటేశ్ పేరు ప్రకటించి, తర్వాత మార్చి, ఈమెకిచ్చారు. ఆమె తెలుగుదేశం అభ్యర్థి బి.వి. జయనాగేశ్వరరెడ్డి చేతిలో ఓడిపోయారు.

ఈ క్రమాన్ని రెండు వాక్యాల్లో చెప్పేస్తారు. 'అటు దూకింది, ఇటు దూకింది, చివరికి ఎటూ కాకుండా పోయింది.' ఈ తీర్పులో ఒక నీతికథ తృప్తి ఉంది. గడప దాటిన ఆడదానికి ఏం జరుగుతుందో చెప్పే పాత కథల ముగింపు ఉంది. ఆ తృప్తే నన్ను ఈ వ్యాసానికి పురిగొల్పింది.

ఇప్పుడు ఆమె దూకిందంటున్న నేలని చూద్దాం. ఎమ్మిగనూరుకి 1985 నుంచి 2024 ఎన్నిక దాకా ముగ్గురే ఎమ్మెల్యేలు. 1985 నుంచి 2004 దాకా బి.వి. మోహన్‌రెడ్డి. ఆ తర్వాత కె. చెన్నకేశవరెడ్డి, మోహన్‌రెడ్డి కుమారుడు జయనాగేశ్వరరెడ్డి ఒకరి తర్వాత ఒకరు. దాదాపు నలభై ఏళ్లు, ముగ్గురు మగవాళ్లు, రెండు ఇళ్లు. ఆదోని సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 1994 నుంచి 2024 దాకా ముప్పై ఏళ్లు ఇద్దరే. కె. మీనాక్షినాయుడు, వై. సాయిప్రసాద్‌రెడ్డి. మొదటి పేరు చూసి ఎవరైనా సంబరపడతారేమో, ఆయన పురుషుడే. ముప్పై ఏళ్లలో ఆదోని అసెంబ్లీకి పంపిన ఒకే ఒక్క మీనాక్షి! 2024లో ఆ సీటు భారతీయ జనతా పార్టీ అభ్యర్థి డాక్టర్ పి.వి. పార్థసారథికి వెళ్లింది. మనిషి మారాడు గానీ ఆ కుర్చీలో స్త్రీ కూర్చునే రోజు ఇంకా రాలేదు.

ఈ ఇళ్లలో పార్టీ మారడం లేదా? చెన్నకేశవరెడ్డి 2004లో, 2009లో కాంగ్రెస్ ఎమ్మెల్యే. 2012 నుంచి వైఎస్సార్ కాంగ్రెస్. సాయిప్రసాద్‌రెడ్డి 2004లో కాంగ్రెస్, 2014లోనూ 2019లోనూ వైఎస్సార్ కాంగ్రెస్. ఆయన సోదరుడు బాలనాగిరెడ్డి 2009లో మంత్రాలయం నుంచి గెలిచింది తెలుగుదేశం టికెట్ మీద. అదే ఎన్నికలో అన్నదమ్ముల్లో ఒకరు కాంగ్రెస్ అభ్యర్థి, ఒకరు తెలుగుదేశం అభ్యర్థి. తర్వాత అందరూ ఒకే జెండా కిందికి వచ్చారు. 2019లో ఆదోని, మంత్రాలయం, గుంతకల్లు మూడు చోట్లా ముగ్గురు అన్నదమ్ములు ఎమ్మెల్యేలయ్యారు. ఒకే ఇంట్లో రెండు జెండాలు ఎగిరితే దాన్ని దూరదృష్టి అన్నారు. రేణుక విషయంలో భర్త ఒక పార్టీ, భార్య ఒక పార్టీ అన్న వార్త వస్తే మాత్రం 'ఇదేం సంసారం' అన్నారు. అన్నదమ్ముల మధ్య ఉంటే వ్యూహం, ఆలుమగల మధ్య ఉంటే అప్రతిష్ఠ!

ఇంకో ఉదాహరణ. ఆలూరు నుంచి 2014లోనూ 2019లోనూ గెలిచి మంత్రిగా పనిచేసిన గుమ్మనూరు జయరాం 2009లో ప్రజారాజ్యం నుంచి పోటీ చేసినవారు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ ఆయన్ని కర్నూలు ఎంపీ స్థానానికి పంపాలనుకుంది. ఆయన ఒప్పుకోలేదు. మార్చిలో తెలుగుదేశంలో చేరి, గుంతకల్లు వెళ్లి, అక్కడి సిట్టింగ్ ఎమ్మెల్యే వై. వెంకటరామిరెడ్డిని ఓడించారు. పాతుకుపోయిన ఇంటి మీదకి పార్టీ మారి వెళ్లి గెలిచారు. రేణుక చేసిందీ, ఆయన చేసిందీ తీరులో పెద్ద తేడా లేదు. ఇచ్చిన సీటు నచ్చక ఒకరు, అసలు సీటే ఇవ్వక ఒకరు. ఆయనది పంతం, సత్తా. ఈమెది నిలకడలేనితనం. ఆయన గెలిచారు, ఈమె ఓడారు కాబట్టి ఆ తేడా అంటారా? గెలుపోటములు తేలక ముందే ఈ విశేషణాలు పంచేశారు కదా.

అసలు కండువాలు కప్పే చేతులు ఎవరివి? చంద్రబాబునాయుడు 1983లో కాంగ్రెస్ అభ్యర్థిగా చంద్రగిరిలో ఓడిపోయాకే మామగారి పార్టీలోకి వచ్చారు. జగన్‌మోహన్‌రెడ్డి 2010లో కాంగ్రెస్ వదిలి సొంత పార్టీ పెట్టుకున్నారు. ఇంగ్లండులో విన్‌స్టన్ చర్చిల్ 1904లో కన్సర్వేటివ్ పార్టీ నుంచి లిబరల్ పార్టీకి, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ కన్సర్వేటివ్ పార్టీకి మారాడు. తర్వాత ప్రధాని అయ్యాడు. మగవాళ్ల జీవితచరిత్రల్లో పార్టీ మార్పు ఒక అధ్యాయం. స్త్రీల విషయంలో పుస్తకమంతా అదే.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఈ జిల్లాలో పార్టీ మారిన స్త్రీలు ఇంకా ఉన్నారు కదా, వాళ్లందరినీ ఇలాగే అన్నారా అని. మంచి ప్రశ్న. దీనికి జవాబు వెతికితేనే అసలు విషయం బయటపడుతుంది. భూమా శోభానాగిరెడ్డి తెలుగుదేశం నుంచి ప్రజారాజ్యానికి, అక్కడి నుంచి వైఎస్సార్ కాంగ్రెస్‌కి వచ్చారు. ఆమె కుమార్తె అఖిలప్రియ 2016లో తండ్రితో కలిసి తెలుగుదేశంలో చేరి, 2017 ఏప్రిల్‌లో మంత్రి అయ్యారు. పాణ్యంలో గౌరు చరిత 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యే. 2019లో ఆ టికెట్ కాటసాని రాంభూపాల్‌రెడ్డికి వెళితే తెలుగుదేశంలో చేరి ఓడారు, 2024లో అదే కాటసానిని ఓడించారు. వీళ్లని అనలేదా? అన్నారు గానీ, మాట వేరు. 'భూమా వర్గం వచ్చింది', 'గౌరు వర్గం వెళ్లింది' అన్నారు. ఆ వాక్యాల్లో కర్త స్త్రీ కాదు, ఇల్లు. ఇంటితో కలిసి గోడ దాటితే అది దూకడం కాదు, కాపురం మార్చడం. సామాను బండికెత్తుకుని దర్జాగా వెళ్లిపోవడం.

మన జిల్లాలో స్త్రీ చట్టసభకి వెళ్లే దారి చాలావరకు ఇంటి లోపలి నుంచే ఉంది. 2004లో డోన్ నుంచి గెలిచిన కోట్ల సుజాతమ్మ జయసూర్యప్రకాశరెడ్డి భార్య. 2009లో ఆలూరు నుంచి గెలిచిన పాటిల్ నీరజారెడ్డి మాజీ ఎమ్మెల్యే శేషిరెడ్డి భార్య. 2019లో పత్తికొండ నుంచి గెలిచిన కంగాటి శ్రీదేవి, 2017లో హత్యకు గురైన చెరుకులపాడు నారాయణరెడ్డి భార్య. వీళ్ల సామర్థ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. భర్త శవం లేచిన వాకిట్లోంచి వచ్చి నామినేషన్ వేయడానికి ఎంత గుండె కావాలో ఆ ప్రాంతంలో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నేను చెప్పేది దారి గురించి. ఖాళీ అయిన, లేదా మగవాడు వాడుకోలేని కుర్చీని ఇంట్లోనే ఉంచుకోవడానికి స్త్రీని పిలుస్తారు. ఆ ఇంటి పేరే ఆమెకి రక్షణ. పార్టీ మారినా ఆ పేరు ఆమె వెంటే ఉంటుంది.

రేణుకకి అలాంటి ఇల్లు లేదు. డబ్బుంది, కులం లెక్కలో ఒక స్థానం ఉంది, అంతే. బీసీ స్త్రీని నిలబెట్టామని చెప్పుకోవడానికి ఒక పార్టీకి పనికొచ్చారు. ప్రతిపక్ష ఎంపీని లాక్కున్నామని చూపించుకోవడానికి రెండో పార్టీకి పనికొచ్చారు. పెద్ద ఇల్లొకటి గుమ్మంలోకి రాగానే ఆ రెండో పార్టీ ఆమెను పక్కన పెట్టింది. సరిగ్గా గమనించండి. 2019లో కోట్ల కుటుంబం కూడా పార్టీ మారే వచ్చింది. మారి వచ్చిన ఇంటికి టికెట్, మారి వచ్చిన స్త్రీకి వీధి. అదే ఫిరాయింపు, అదే ఏడు, అదే సీటు. జయసూర్యప్రకాశరెడ్డి ఆ ఎన్నికలో ఓడినా 2024లో డోన్ నుంచి గెలిచి అసెంబ్లీకి వెళ్లారు. ఇంటికి ఎప్పుడూ రెండో అవకాశం ఉంటుంది. గోడ ఎవరిదో వాళ్లకి ద్వారం ఉంటుంది. గోడ తమది కానివాళ్లే దూకాల్సి వస్తుంది.

అయితే ఇక్కడితో ఆగితే ఇది సగం వాదమే అవుతుంది. స్త్రీ కాబట్టి సమర్థిద్దాం అనడం స్త్రీవాదం కాదు, బంధుప్రీతి. రేణుకని అడగాల్సిన గట్టి ప్రశ్న ఒకటుంది. 2014లో ఒక గుర్తు మీద ఓటేసిన లక్షల మందిని అడగకుండా 2017లో ఆ పదవితోనే మరో పార్టీలోకి ఎలా వెళ్లారు? ఈ ప్రశ్నలో శీలం లేదు, పరువు లేదు. ఓటరుకి చెప్పాల్సిన లెక్క ఉంది. పదవి వదిలి వెళ్లారా, పదవితో వెళ్లారా? ఇదొక్కటే కొలత. ఇది స్త్రీకీ పురుషుడికీ ఒకేలా పనిచేస్తుంది.

ఈ కొలత ఆకాశంలోంచి తెచ్చింది కాదు. ఈ జిల్లాలోనే దానికి ఉదాహరణ ఉంది. 2011 డిసెంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానంలో విప్‌ని ధిక్కరించి ఓటు వేసినవాళ్ల మీద 2012లో అనర్హత వేటు పడింది. వాళ్లలో ఎమ్మిగనూరు చెన్నకేశవరెడ్డి ఉన్నారు, ఆళ్లగడ్డ శోభానాగిరెడ్డి ఉన్నారు. ఇద్దరూ పదవి పోగొట్టుకుని, 2012 జూన్ ఉప ఎన్నికలో మళ్లీ జనం ముందుకు వెళ్లి గెలిచారు. ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఒకే జిల్లా, ఒకే రోజు. వాళ్ల రాజకీయాలతో మనకి వెయ్యి పేచీలుండొచ్చు, కానీ ఓటరుకి మళ్లీ అడిగే మర్యాద దక్కింది. 2017 ఆగస్టులో శిల్పా చక్రపాణిరెడ్డి కూడా ఎమ్మెల్సీ పదవికి రాజీనామా చేశాకే పార్టీ మారారు.

ఆ మర్యాద ఎవరు పాటించలేదు? 2014, 2019 మధ్య ఇరవై ముగ్గురు వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు. ఒక్క కర్నూలు జిల్లా నుంచే భూమా నాగిరెడ్డి, అఖిలప్రియ, మణిగాంధీ, బుడ్డా రాజశేఖరరెడ్డి, ఎస్వీ మోహన్‌రెడ్డి. ఇరవై ముగ్గురిలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. స్పీకరు ముందున్న అనర్హత పిటిషన్లు కదల్లేదు. అటు ఢిల్లీలోనూ అంతే. నంద్యాల ఎంపీ ఎస్.పి.వై. రెడ్డి 2014లో గెలిచిన వెంటనే తెలుగుదేశం వైపు వెళ్లారు. ఆయన మీదా, రేణుక మీదా నిర్ణయం రాకుండానే పదహారో లోక్‌సభ గడువు ముగిసింది. 2019 తర్వాత తెలుగుదేశం ఎమ్మెల్యేలు నలుగురు రాజీనామా లేకుండానే వైఎస్సార్ కాంగ్రెస్ వైపు చేరారు. నీతి పాఠాలు చెప్పిన పార్టీ కుర్చీ మారగానే అదే పని చేసింది. ఎస్వీ మోహన్‌రెడ్డి 2019లో కర్నూలు టికెట్ టి.జి. భరత్‌కి వెళ్లగానే తిరిగి పాత పార్టీకి వచ్చేశారు. రేణుక నడిచిన దారి అచ్చంగా అదే, ఆ నెల కూడా అదే. ఆయన పేరు చెబితే 'ఎస్వీ' అని ఒక ఇల్లు గుర్తొస్తుంది. ఈమె పేరు చెబితే గోడ గుర్తొస్తుంది.

చట్టం సంగతి కూడా మాట్లాడుకోవాలి. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. మూడో వంతు మంది చీలితే అనర్హత ఉండదన్న వెసులుబాటుని 2003లో 91వ సవరణ తీసేసింది. కానీ తీర్పు చెప్పే అధికారం స్పీకరు చేతిలోనే ఉండిపోయింది. స్పీకరు ఏ పార్టీ వాడో తెలిసిందే కదా. దీనివల్ల రెండు అన్యాయాలు జరుగుతున్నాయి. పదవి కోసం మారినవాడు అధికార పక్షంలోకి వస్తే అతని మీద ఈగ వాలదు. మనస్సాక్షి కోసం ఒక్క ఓటు ధిక్కరించినవాళ్లు మాత్రం సభ్యత్వం పోగొట్టుకుంటారు. రేపు మద్యం మీదో, భూమి హక్కు మీదో వచ్చే బిల్లులో ఒక మహిళా ఎమ్మెల్యే తన పార్టీకి వ్యతిరేకంగా, తనని గెలిపించిన ఆడవాళ్ల పక్షాన ఓటు వేయాలనుకుంటే? విప్ ఉంటుంది. చట్టసభలో స్త్రీల సంఖ్య పెంచమని అడుగుతూ, ఆ స్త్రీలకి నోరు ఉండే వీలుందా అని అడగకపోతే మనం కుర్చీలే లెక్కపెడుతున్నట్టు.

ఫిరాయింపు ఆరోపణ ఎవరి మీద ఎలా పనిచేస్తుందో 2023, 2024 సంవత్సరాల్లో ఇంకా నగ్నంగా చూశాం. 2023 మార్చిలో ఎమ్మెల్సీ ఎన్నికల్లో క్రాస్ ఓటింగ్ చేశారంటూ వైఎస్సార్ కాంగ్రెస్ నలుగురు ఎమ్మెల్యేలని సస్పెండ్ చేసింది. ఆనం రామనారాయణరెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి, మేకపాటి చంద్రశేఖర్‌రెడ్డి, ఉండవల్లి శ్రీదేవి. ముగ్గురు రెడ్డి పురుషులు, ఒక దళిత స్త్రీ, వృత్తిరీత్యా డాక్టరు. ఎన్నికల ముంగిట 2024 ఫిబ్రవరిలో స్పీకరు నలుగురి మీదా అనర్హత వేటు వేశారు. కొత్త పార్టీలో ఆనం, కోటంరెడ్డి టికెట్లు తెచ్చుకుని గెలిచారు. ఆనం మంత్రి అయ్యారు. మేకపాటికి టికెట్ రాలేదు, శ్రీదేవికి రాలేదు. అందరు మగవాళ్లూ లాభపడ్డారని నేను అనను. కానీ ఒకే ఆరోపణ, ఒకే శిక్ష తర్వాత మళ్లీ లేచి నిలబడ్డవాళ్లెవరో చూడండి. ఆ నలుగురిలో ఒక్క స్త్రీ, ఒక్క దళితురాలు... ఇద్దరూ ఆమే.

పార్టీలు కార్యకర్తల నుంచి కోరేది విధేయత. స్త్రీల నుంచి మాత్రం అవి కోరేది పాతివ్రత్యం. 'తల్లి పార్టీ', 'సొంత గూడు', 'పుట్టినిల్లు', 'అధినేతకి అండగా నిలిచిన ఆడపడుచు'... ఈ పదజాలమంతా కుటుంబానిదే. చీర, సారె పెట్టి పంపిన ఇంట్లోనే పడి ఉండాలన్న నీతిని తెచ్చి ఓటు రాజకీయానికి అతికించారు. ఆ ఇంట్లో ఆమెకి వాటా ఉందా అన్న ప్రశ్న మాత్రం కుటుంబంలోనూ లేదు, పార్టీలోనూ లేదు. ఈ భాషని మగ విలేకరులు రాస్తే విసుక్కుంటాం. మన సభల్లో, మన స్టాఫ్ రూముల్లో మనమూ అదే భాషలో నవ్వుకోవడం ఆపాలి. 'ఆమె గోడ మీది పిల్లి' అన్నప్పుడు, ఆ గోడ కట్టిందెవరు అని వెంటనే అడగగలగాలి.

ఇక చివరి లెక్క. ఈ దూకుళ్లన్నిటి కింద నలిగేదెవరు? ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప నిలబెట్టిన చేనేత సహకార సంఘం ఒకప్పుడు ఆ ఊరికి వెన్నెముక. మగ్గం గుంటలో కూర్చునేవాడే నేతగాడని లెక్క. కండెలు చుట్టి, ఆసు పోసి, నూలు సరిచేసే ఆడవాళ్ల పని కూలీ లెక్కలోకి రాదు. చేనేత వర్గం నుంచి వచ్చిన ఒక స్త్రీ ఎంపీ అయినప్పుడు ఆ కండెల లెక్క ఢిల్లీ దాకా పోతుందని ఆశపడడం తప్పు కాదు. పోయిందా? ఆదోని పత్తి మార్కెట్టు రాష్ట్రంలోనే పేరున్నది. చేలో పత్తి ఏరేదీ ఆడవాళ్లే, జిన్నింగు మిల్లుల్లో దూది పొగలో నిలబడేదీ ఎక్కువగా ఆడవాళ్లే. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు పల్లెల నుంచి కుటుంబాలకి కుటుంబాలు ఏటా సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప చేలకి, పత్తి చేలకి. ఇంటికి తాళం, బడికి సెలవు, ముసలివాళ్లకి పస్తు. తల్లి వెంట పోయిన ఆడపిల్లకి మళ్లీ బడి తలుపు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. తుంగభద్ర దిగువ కాలువ చివరి భూములకి నీళ్లు రాకపోవడం దగ్గర మొదలై, ఆ పిల్ల చదువు ఆగడం దగ్గర ముగిసే గొలుసు ఇది.

ఈ గొలుసులో ఒక్క లింకునైనా ఏ కండువా మార్పు విప్పింది? 2017లో రేణుక అధికార పార్టీలోకి వెళ్లినప్పుడు సుగ్గి మీద ఏ హామీ రాయించుకున్నారు? 2024లో జయరాం గుంతకల్లు వెళ్లినప్పుడు ఆలూరు ఆడకూలీలకి ఏం చెప్పి వెళ్లారు? ముగ్గురన్నదమ్ములు మూడు సీట్లలో ఉన్న ఐదేళ్లలో ఆదోని మిల్లుల ఆడవాళ్ల కూలీ గురించి అసెంబ్లీలో ఎవరు లేచి నిలబడ్డారు? అడగాల్సినవి ఇవి. ఈ ప్రశ్నల ముందు స్త్రీ పురుష తేడా లేకుండా అందరూ ఒకే బోనులో నిలబడతారు. అందుకే ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. గోడ గురించి మాట్లాడుకోవడం సులువు.

2023లో 106వ రాజ్యాంగ సవరణ వచ్చింది. లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు స్త్రీలకి. జనగణన, ఆపై నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలు అన్న షరతుతో వచ్చింది గనక 2024 ఎన్నికలు అది లేకుండానే జరిగిపోయాయి. అది అమల్లోకి వచ్చే రోజు కోసం మనం ఎదురుచూస్తాం, చూడాలి కూడా. కానీ ఎమ్మిగనూరు, ఆదోని ఇళ్లు కూడా ఆ రోజు కోసం సిద్ధంగానే ఉంటాయి. ప్రతి ఇంట్లో ఒక భార్య ఉంటుంది, ఒక కోడలు ఉంటుంది. గోడలు అలాగే ఉంటాయి, ఫ్లెక్సీ మీద ఫొటో మారుతుంది. గోడల బయటి నుంచి వచ్చే స్త్రీ, ఆ మిల్లు కూలీయో మగ్గం ఇంటి ఆడబిడ్డో, రిజర్వు సీటులో కూడా గోడ దూకాల్సిందే. అప్పుడు ఆమెని మళ్లీ అదే మాట అంటారు.

కాబట్టి మన డిమాండ్లు ముందే స్పష్టంగా ఉండాలి. పదవితో పార్టీ మారిన ఎవరైనా ఆ రోజుతో పదవి పోగొట్టుకుని ఓటరు ముందుకి రావాలి. ఆ నిర్ణయం స్పీకరు చేతుల్లోంచి తీసి, గడువు ఉన్న స్వతంత్ర వ్యవస్థకి ఇవ్వాలి. ప్రభుత్వం నిలబడటానికీ పడిపోవడానికీ సంబంధించిన ఓట్లు తప్ప మిగతా ఓట్లకి విప్ బెదిరింపు ఉండకూడదు. రిజర్వు సీట్లలో ఎవరి ఇంటి స్త్రీకి టికెట్ ఇచ్చారో, ఏ ఇల్లూ లేని స్త్రీకి ఎన్ని ఇచ్చారో ప్రతి పార్టీ బయట పెట్టాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఇవి అడగకుండా ఫిరాయింపు గురించి పెట్టే కన్నీళ్లే దొంగ కన్నీళ్లు.

బుట్టా రేణుక రాజకీయాన్ని ప్రేమించాల్సిన అవసరం మనకి లేదు. ఆమెని ఓడించే హక్కు ఎమ్మిగనూరు ఓటరుకి ఉంది, వాడుకున్నాడు, వాడుకుంది. ఆమెకి లెక్క చెప్పాల్సిన బాధ్యత ఉంది, ఆ లెక్క అడుగుదాం. కానీ ఆ లెక్క అడిగే నోటితో శీలం మాట ఎత్తితే, ఆమె తర్వాత వచ్చే స్త్రీకి మనమే ఇంకో వరస ఇటుకలు పేర్చినట్టు.